మొక్కల రసాయనాలతో ఫ్లూ, కోవిడ్ లాంటి వాటికి మందు వస్తుందా? డాకింగ్ దాటాక సంగతేంటి?

కొత్తమొలక
అందరికీ నమస్కారం. నేను బయోటెక్నాలజీ పీజీ చేస్తున్నాను. ప్రాజెక్టు కోసం ఫ్లేవనాయిడ్లు, ఆల్కలాయిడ్లు, టెర్పీన్లు అన్నీ కలిపి ఒక లైబ్రరీ తయారుచేసుకుని, కోవిడ్ వైరస్ మెయిన్ ప్రొటియేజ్ (వైరస్ పెరగడానికి కావాల్సిన ఎంజైమ్) మీద (6ఎల్‌యూ7 స్ట్రక్చర్) డాకింగ్, అంటే అణువు ప్రొటీన్‌లో ఎలా ఇముడుతుందో కంప్యూటర్ అంచనా, రన్ చేశాను. గ్లైసిరైజిన్ (అతిమధురంది), రూటిన్, ఈజీసీజీ (గ్రీన్ టీది), క్వెర్సెటిన్, కర్క్యుమిన్ (పసుపుది) అన్నీ పైవరసలో వచ్చాయి. కొన్నిటికి స్కోర్ మైనస్ 9 కూడా దాటింది (ఎంత మైనస్ అయితే అంత గట్టిగా అతుక్కుంటుందని అంచనా). గైడ్ గారు "బాగుంది, పేపర్ రాసెయ్" అన్నారు. కానీ ఒక డౌట్ పీకుతూనే ఉంది. ఇలాంటి పేపర్లు ఇప్పటికే కుప్పలు తెప్పలుగా ఉన్నాయి, ప్రతిదాంట్లోనూ ఏదో ఒక మొక్క పనిచేస్తుందనే ఉంటుంది, మరి ఒక్కటైనా మందుగా బయటికి ఎందుకు రాలేదు? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

ఆకుపసరు
రాలేదని ఎవరన్నారండీ? ఫ్లూ మందు టామిఫ్లూ ఎక్కడిది? అనాసపువ్వు నుంచి వచ్చిందే కదా. ప్రకృతిలో ఉన్నదాన్ని తీసుకుని పేటెంట్ వేసి అమ్ముకుంటారు, మనం అదే మొక్క వాడతామంటే మాత్రం "ఆధారాలు లేవు" అంటారు. మొక్కకి పేటెంట్ రాదు కాబట్టి ఎవరూ ట్రయల్‌కి డబ్బు పెట్టరు, అసలు సంగతి అది.

మందులచీటి
టామిఫ్లూ విషయంలో సగమే నిజం అండీ. మిగతా సగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది.

అనాసపువ్వులో ఉండేది షికిమిక్ ఆమ్లం. దానికి ఫ్లూ వైరస్ మీద చెప్పుకోదగ్గ ప్రభావమేమీ లేదు. ఆరు కార్బన్ల వలయం, దాని మీద సరైన దిశల్లో అమర్చిన హైడ్రాక్సిల్ గుంపులు, కెమిస్టులకి కావాల్సింది ఆ అమరికే. అక్కడ మొదలుపెట్టి చాలా మెట్లు దాటాక ఒసెల్టామివిర్ (టామిఫ్లూలో ఉండే మందు) తయారవుతుంది. వైరస్ కొత్త కణాలు పాత కణాన్ని విడిచి బయటికి పోవాలంటే న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్ కావాలి, దాన్ని అడ్డుకునేది ఈ చివరి అణువే. 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2005లో బర్డ్ ఫ్లూ భయంతో దేశాలన్నీ నిల్వలు పెట్టుకోవడం మొదలెట్టేసరికి అనాసపువ్వుకే కొరత వచ్చింది. తర్వాత షికిమిక్ ఆమ్లాన్ని జన్యువులు మార్చిన ఈ.కోలై బ్యాక్టీరియాతో పులియబెట్టి కూడా తీస్తున్నారు. అంటే ఇప్పుడు ఆ మందుకి చెట్టు తప్పనిసరి కూడా కాదు.

కాబట్టి అనాసపువ్వు మరిగించి తాగితే టామిఫ్లూ తాగినట్టు కాదు. పైగా దీన్ని పోలిన జపనీస్ రకం ఒకటుంది, చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటుంది, అందులో ఉండే అనిసాటిన్ ఫిట్స్ తెప్పిస్తుంది. ఈ కారణంగానే 2003లో అమెరికా ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) అనాసపువ్వు టీల మీద హెచ్చరిక ఇచ్చింది.

సందేహాలరావు
ఇంతా చేసి ఆ టామిఫ్లూ పెద్దవాళ్లలో లక్షణాల్ని తగ్గించేది సగటున 17 గంటలు. 2014 కోక్రేన్ సమీక్ష (ట్రయల్స్ అన్నిటినీ కలిపి చూసేది) చదువుకోండి. అదీ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే సరిగ్గా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి మెరుగులు దిద్దిన అణువుకే ఆ గతి, ఇక ఆకు నూరి తాగితే వైరస్ పారిపోతుందంటే ఎలా నమ్మాలి బాబూ.

ల్యాబ్‌కోటు
@కొత్తమొలక, నేను వైరాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మీ డౌట్ సరైన చోటే పీకుతోంది.

ముందు మీ లిస్టు చూద్దాం. పైన వచ్చిన వాటిలో గ్లైసిరైజిన్, రూటిన్ ఉన్నాయి కదా, అవి పెద్ద అణువులు. డాకింగ్ స్కోర్ అనేది అణువులో ప్రతి పరమాణువూ ప్రొటీన్‌ని తాకినప్పుడల్లా కాస్త కాస్త పెరుగుతూ పోతుంది, అందుకని సైజు పెద్దదైతే స్కోర్ ఊరికే పెరుగుతుంది. హైడ్రోజన్లు వదిలేసి లెక్కపెట్టండి, గ్లైసిరైజిన్‌లో 58 పరమాణువులు, బైకాలెయిన్‌లో 20. గ్లైసిరైజిన్‌కి మైనస్ 9 వస్తే ఒక్కో పరమాణువుకి 0.16 కూడా లేదు. బైకాలెయిన్‌కి మైనస్ 7 వచ్చినా ఒక్కోదానికి 0.35. మీ టేబుల్‌లో ఏది పైన, ఏది కింద? మొత్తం తిరగబడుతుంది.

రెండోది, 6ఎల్‌యూ7లో ఉన్న ఎన్3 అనే లైగాండ్ (ప్రొటీన్‌కి అతుక్కునే అణువు) ఆ ఎంజైమ్‌లోని 145వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి సమయోజనీయ బంధంతో అతుక్కుని ఉంటుంది. మామూలు డాకింగ్ అలాంటి బంధాన్ని లెక్కలోకి తీసుకోదు. కాబట్టి "ఎన్3 కన్నా నా అణువుకి మంచి స్కోర్ వచ్చింది" అనే వాక్యం, సగం పేపర్లలో కనిపిస్తుంది అది, దానికి అర్థం లేదు.

కొత్తమొలక
అయ్యో, ఆ వాక్యం నా డ్రాఫ్ట్‌లో ఉందండీ 😅
మరి బైకాలెయిన్ అన్నారు, అది నా లైబ్రరీలో లేదు. దాని సంగతేంటి?

ల్యాబ్‌కోటు
బైకాలెయిన్ అనేది స్కుటెల్లేరియా బైకాలెన్సిస్ అనే మొక్క వేరులో ఉండే ఫ్లేవనాయిడ్. ఇది మెయిన్ ప్రొటియేజ్‌లో కూర్చున్న తీరు నిజంగా క్రిస్టల్ తీసి చూశారు, 2020లో, ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో 6ఎం2ఎన్ అని వెతకండి. ఎంజైమ్ పరీక్షలో ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే గాఢత) సుమారు 1 మైక్రోమోలార్ వచ్చింది. అంటే ఇక్కడ స్కోరొక్కటే కాదు, కళ్లకి కనబడే ఆధారం ఉంది. @సందేహాలరావు గారు, అందుకే మొక్కల రసాయనాలన్నిటినీ ఒకే గాటన కట్టడానికి నేను ఒప్పుకోను.

కానీ ఒక్క బైకాలెయిన్‌కి ఎదురుగా బోలెడన్ని ఉత్తుత్తి హిట్లు ఉన్నాయి. 2010లో ఆస్ట్రేలియా కెమిస్టులు "పెయిన్స్" అని ఒక జాబితా వేశారు, ఏ పరీక్షలో పెట్టినా పనిచేసినట్టు కనిపించి మోసం చేసే అణువుల నమూనాలవి. క్వెర్సెటిన్, ఈజీసీజీలలో ఉండే కాటెకాల్ లాంటి భాగాలు ఆక్సీకరణ చెంది దొరికిన ప్రతి సిస్టీన్‌నీ కొరుకుతాయి. మెయిన్ ప్రొటియేజ్ పనిచేసేదే సిస్టీన్‌తో కాబట్టి అక్కడ ఈ బాధ ఇంకా ఎక్కువ. కర్క్యుమిన్ అయితే ఒకటి కాదు, అన్ని రకాలుగానూ తిప్పలే. నీళ్లలో కరగదు, ముద్దలు కట్టి ఎంజైమ్‌ని చుట్టేస్తుంది, శరీరపు పీహెచ్ దగ్గర నిమిషాల్లో విరిగిపోతుంది, పైగా దానంతటది ఫ్లోరెసెన్స్ ఇస్తుంది. మనం ఎంజైమ్ పనిని కొలిచేదే ఫ్లోరెసెన్స్‌తో! ఇక వచ్చిన రీడింగ్ మందుదో రంగుదో ఎవరు చెప్పాలి.

ఆకుపసరు
అణువుల లెక్కలు సరే సార్, వందల ఏళ్లుగా జనం వాడుతున్నారు కదా పసుపు. ఏమీ లేకుండానే వాడారా? మిరియాల్లో ఉండే పైపెరిన్ కలిపితే కర్క్యుమిన్ ఒంటికి పడుతుందని సైన్సే చెప్పింది, 2000 శాతం పెరుగుతుందట.

మందులచీటి
ఆ 2000 శాతం 1998లో కొద్దిమంది వాలంటీర్ల మీద చేసిన చిన్న అధ్యయనంలోది. 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇచ్చారు. విడిగా ఇచ్చినప్పుడు రక్తంలో దాదాపు ఏమీ కనబడలేదు. దాదాపు సున్నా ఉన్నదాన్ని ఇరవై రెట్లు చేస్తే ఎంతవుతుందో మీరే చూడండి.

సరదాకి కాదు, నిజంగానే లెక్క వేద్దాం. కణాల్లో వైరస్‌ని సగానికి తగ్గించడానికి 10 మైక్రోమోలార్ కావాలనుకుందాం, ఇలాంటి పేపర్లలో మామూలుగా కనిపించే అంకె అది. కర్క్యుమిన్ అణుభారం 368, అంటే లీటరుకి 3.7 మిల్లీగ్రాములు. రోజుకి 8 గ్రాములు మింగిన రోగుల రక్తంలో గరిష్ఠంగా కనబడింది 2 మైక్రోమోలార్ లోపే, అదీ గంటో రెండు గంటలో. అందులోనూ ఎక్కువ భాగం రక్తంలోని ప్రొటీన్లకి అంటుకుని ఉంటుంది కాబట్టి వైరస్ దాకా వెళ్లేది ఇంకా తక్కువ. మందు పనిచేయాలంటే సగానికి తగ్గించే మోతాదు చాలదు, రెండు డోసుల మధ్య అడుగుకి పడిపోయినప్పుడు కూడా దానికి కొన్ని రెట్లు పైన ఉండాలి. ఇదంతా రక్తం సంగతి, మనకి కావాల్సింది ఊపిరితిత్తుల పైపొరలో.

2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో కర్క్యుమిన్ మీద పెద్ద సమీక్ష వచ్చింది. అప్పటికి 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగాయి, ప్లాసిబోతో (ఉత్తుత్తి మాత్రతో) పోల్చి డబుల్ బ్లైండ్‌గా (ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ డాక్టరుకీ తెలియకుండా) చేసినవాటిలో గెలిచింది ఒక్కటీ లేదని తేల్చారు. మొక్కలకి ట్రయల్స్ చేయరు అన్నారు కదా, దీనికి కావాల్సినన్ని చేశారు.

ఇంకోటి, పైపెరిన్ కర్క్యుమిన్‌ని ఒంట్లో నిలబెట్టేది లివర్ తన పని తాను చేయకుండా అడ్డుపడి. అది మిగతా మందుల్ని కూడా అలాగే నిలబెడుతుంది. రోజూ వేరే మందులు వేసుకునేవాళ్లు ఈ క్యాప్సూల్స్‌తో జాగ్రత్త. పసుపు సప్లిమెంట్లతో, ముఖ్యంగా పైపెరిన్ కలిపినవాటితో, లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి.

సువర్చల_గృహిణి
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా మామగారికి బీపీ ఉంది, రోజూ మాత్రలు వేసుకుంటారు. దగ్గు, జలుబు వైరస్‌లకి మంచిదని ఎవరో చెప్పారని అతిమధురం పొడి రోజూ తీసుకుంటున్నారు. కోవిడ్ వైరస్ మీద పనిచేస్తుందని ఎక్కడో చదివారట. ఫర్వాలేదా అండీ?

మందులచీటి
సువర్చల గారూ, బీపీ ఉన్నవాళ్లు అతిమధురం రోజూ తీసుకోకూడదండీ. అందులోని గ్లైసిరైజిన్ పేగుల్లో గ్లైసిరెటిక్ ఆమ్లంగా మారుతుంది. మన కిడ్నీలో కార్టిసాల్‌ని నిర్వీర్యం చేసే ఒక ఎంజైమ్‌ని అది ఆపేస్తుంది. దాంతో ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. నీరు తీసే మాత్రలు కూడా వాడుతుంటే పొటాషియం ఇంకా పడి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. వెంటనే ఆపమనండి, ఇన్నాళ్లూ తీసుకున్న సంగతి డాక్టర్ గారికి తప్పకుండా చెప్పండి, పొటాషియం పరీక్ష రాస్తారు. కాళ్ల వాపు, కండరాల నీరసం, గుండెదడ ఏవైనా ఉంటే ఇవాళే చూపించండి.

ఆ "పనిచేస్తుంది" అన్న మాట 2003 లాన్సెట్ పేపర్ నుంచి వచ్చి ఉంటుంది, అది పాత సార్స్ వైరస్ మీద. కణాల్లో పనిచేసిన మాట నిజమే, కానీ లీటరుకి వందల మిల్లీగ్రాముల గాఢతలో. నోటితో తీసుకున్న గ్లైసిరైజిన్ ఆ రూపంలో రక్తంలోకి దాదాపు చేరదు. అంటే వైరస్ మీద పనికొచ్చే రూపం అందదు, బీపీ పెంచే రూపం మాత్రం అందుతుంది.

సువర్చల_గృహిణి
బాబోయ్. ఇప్పుడే చెప్తాను. చాలా థాంక్స్ అండీ.

సందేహాలరావు
చూశారా, "మొక్కే కదా, ఏమవుతుంది" అనే మాట ఎంత దూరం తీసుకెళ్తుందో.

వేరుబెల్లం
రావుగారూ, మీరు మరీ ఇటువైపు లాగేస్తున్నారు. దగ్గు మందుల్లో ఉండే బ్రోమ్‌హెక్సిన్, ఆంబ్రోక్సాల్ ఎక్కడివి? అడ్డసరం ఆకులోని వాసిసిన్ అనే ఆల్కలాయిడ్‌ని చూసి తయారుచేసినవే. మూసుకుపోయిన ముక్కుకి వాడే సూడోఎఫెడ్రిన్ ఎఫెడ్రా మొక్క కుటుంబం. వైరస్‌ని చంపకపోయినా రోగికి ఊపిరి ఆడేలా చేసే మందుల్లో మొక్కల వాటా ఎంతో ఉంది. "వైరస్‌ని చంపిందా లేదా" అనే ఒక్క కొలతతోనే అన్నిటినీ కొట్టిపారేస్తే ఎలా?

సందేహాలరావు
లక్షణాలు తగ్గించడం వేరు, చికిత్స వేరు. మెంథాల్ పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టు హాయిగా ఉంటుంది. కొలిచి చూస్తే గాలి దారి ఏమీ మారదు, చల్లదనం పసిగట్టే నరాన్ని అది తట్టిలేపుతుంది, మెదడు గాలి బాగా ఆడుతోందనుకుంటుంది. హాయి మంచిదే, నేనూ వాడతాను. దాన్ని యాంటీవైరల్ అనకండి, అంతే.

వేరుబెల్లం
ఇది ఒప్పుకుంటాను.

ఆకుపసరు
మరి నేలవేము? థాయ్‌లాండ్ ప్రభుత్వమే కోవిడ్‌కి ఇచ్చింది. ప్రభుత్వం ఊరికే ఇస్తుందా?

ల్యాబ్‌కోటు
ఈ మొత్తం చర్చలో నాకు బాగా నచ్చే ఉదాహరణ ఇదే ఆకుపసరు గారూ, మంచి ప్రశ్న.

నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్ మనిషి ఊపిరితిత్తుల నుంచి వచ్చిన కాలు-3 కణాల్లో కోవిడ్ వైరస్‌ని చాలా తక్కువ గాఢతలోనే అణచింది, మైక్రోమోలార్‌లో చిన్న వంతుకే. కణం కూడా సరైనదే, గాఢత కూడా బాగుంది. 2021లో థాయ్‌లాండ్ స్వల్ప లక్షణాలున్నవాళ్లకి రోజుకి 180 మిల్లీగ్రాముల చొప్పున 5 రోజులు వాడటానికి అనుమతించింది. ఆకు పొడి ఇంత అని కాకుండా ఆండ్రోగ్రాఫోలైడ్ ఇంత అని కొలిచి ఇచ్చారు, అది గమనించండి. తర్వాత న్యుమోనియా తగ్గిందని చెప్పిన ప్రిప్రింట్ (ఇంకా నిపుణుల సమీక్ష కాని పేపర్) ఒకటి వచ్చింది, వార్తల్లో మోగిపోయింది. అందులో గణాంకాల లెక్క తప్పింది, తేడా నిజంగా చెప్పుకోదగ్గది కాదని బయటపడి, రచయితలే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత ఫావిపిరావిర్ అనే యాంటీవైరల్‌తో కలిపి ఇచ్చి చూసిన ట్రయల్‌లోనూ అదనపు లాభం కనబడలేదు.

ఎందుకలా అయ్యింది అంటే, ఈ అణువు నోటితో తీసుకుంటే సరిగా ఒంటికి పట్టదు, పేగు గోడలోని పంపులే దాన్ని బయటికి నెట్టేస్తాయి, లివర్ త్వరగా మార్చేస్తుంది. నా అభిప్రాయం ఏమిటంటే దీన్ని పారేయక్కర్లేదు, అణువుని మార్చి మెరుగుపరచాలి. షికిమిక్ ఆమ్లంతో చేసింది అదే కదా.

కణం సంగతి ఎందుకు ఎత్తానంటే, హైడ్రాక్సీక్లోరోక్విన్ గుర్తుందా? క్వినైన్ బాటలో ల్యాబ్‌లో తయారైన మందు, క్వినైన్ సింకోనా బెరడుది. కోతి కిడ్నీ నుంచి తీసిన వెరో కణాల్లో వైరస్‌ని అద్భుతంగా ఆపింది. ఆ కణాల్లోకి వైరస్ లోపలి తిత్తుల ద్వారా వెళ్తుంది, ఆ తిత్తుల ఆమ్లతని ఈ మందు తగ్గిస్తుంది, కాబట్టి ఆగింది. ఊపిరితిత్తుల కణాల్లో పైపొర మీదే టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైమ్ ఉంటుంది, వైరస్ దాని సాయంతో నేరుగా చొరబడుతుంది, తిత్తుల జోలికే పోదు. కాలు-3 కణాల్లో చూస్తే మందు ప్రభావం లేదు. 2020 జూన్‌లో రికవరీ అనే బ్రిటన్ పెద్ద కోవిడ్ ట్రయల్ రోగుల్లోనూ లాభం లేదని తేల్చింది.

మందులచీటి
అదే రికవరీ ట్రయల్‌లో కోల్చిసిన్‌ని కూడా చూశారు. అదీ మొక్కదే, స్వచ్ఛమైన అణువు, మోతాదు తెలుసు, ఒంటికి పడుతుంది, పైన చెప్పిన అడ్డంకులేవీ లేవు. వైరస్‌ని కాదు, వాపుని తగ్గిస్తుందని ఆశ. 11 వేలకి పైగా రోగులు. కోల్చిసిన్ తీసుకున్నవాళ్లలో 21 శాతం చనిపోయారు, తీసుకోనివాళ్లలోనూ 21 శాతమే. @ఆకుపసరు గారూ, మొక్క కాబట్టి పక్కన పెట్టారు అనే వాదన దీనికి ఎలా సరిపోతుంది?

ఆకుపసరు
కోల్చిసిన్‌కి సరిపోదు, ఒప్పుకుంటాను. కానీ మీరంతా ఒక్కో అణువునీ విడదీసి చూస్తున్నారు. మొక్కలో వందల అణువులు కలిసి పనిచేస్తాయి కదా. దాన్ని ఎవరు పరీక్షించారు?

ల్యాబ్‌కోటు
పరీక్షించారండీ. 2020లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు ఎల్డర్‌బెర్రీ సారాన్ని ఫ్లూ రోగుల్లో ప్లాసిబోతో పోల్చారు, తేడా కనబడలేదు. పెలార్గోనియం వేరు సారం మీద బ్రాంకైటిస్‌కి ట్రయల్స్ ఉన్నాయి, కొంత లాభం ఉండొచ్చని, కానీ ఆధారం నాణ్యత తక్కువని 2013 కోక్రేన్ సమీక్ష చెప్పింది. అంటే సారాన్ని సారంగానే పరీక్షించే పద్ధతి ఉంది. చిక్కు ఎక్కడంటే ఈ బ్యాచ్‌కీ ఆ బ్యాచ్‌కీ ఒకేలా ఉండేలా చూడటం. ఏ నేల, ఏ కాలం, ఆకు కోశాక ఎన్నాళ్లు ఉంచారు, దేంతో సారం తీశారు, వీటన్నిటితో లోపలి అణువుల పాళ్లు మారతాయి.

అది సాధ్యం కాదనడం లేదు. 2006లో ఎఫ్‌డీఏ మొదటిసారి ఒక మొక్క సారాన్నే మందుగా ఆమోదించింది, గ్రీన్ టీ కాటెకిన్ల మిశ్రమం, సైనెకాటెకిన్స్ అంటారు. హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే పులిపిర్లకి పూసే లేపనం. ఇది పూతమందు, చూశారా. ఈజీసీజీని మింగితే రక్తంలోకి చేరేది కొంచెమే, మోతాదు పెంచితే రోజుకి 800 మిల్లీగ్రాముల దగ్గర నుంచే లివర్ ఎంజైములు పెరిగే భయం ఉందని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. చర్మం మీద పూస్తే ఈ గొడవే లేదు.

వేరుబెల్లం
అలాగైతే శ్వాస వైరస్‌లకి కూడా ముక్కులో స్ప్రే చేయొచ్చుగా? వైరస్ మొదట దిగేది అక్కడే.

ల్యాబ్‌కోటు
నాకు ఎక్కువ ఆశ ఉన్నది అక్కడే. సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసే అయోటా-కారజీనన్ స్ప్రేని అర్జెంటీనాలో సుమారు 400 మంది ఆసుపత్రి సిబ్బంది మీద చూశారు, కోవిడ్ వచ్చినవాళ్లు స్ప్రే గుంపులో 1 శాతం, ప్లాసిబో గుంపులో 5 శాతం. నాచుని మొక్క అనొచ్చా అని కొట్టుకోకండి 🙂 చిన్న ట్రయల్, రెండు గుంపుల్లోనూ జబ్బుపడ్డవాళ్లు కొద్దిమందే, అంకె మీద గట్టిగా నిలబడలేం. అయినా అది రక్తంలోకి చేరక్కర్లేదు, లివర్‌ని దాటక్కర్లేదు, పొర మీద ఉండి వైరస్‌ని పట్టుకుంటే చాలు. ముక్కు పొర గంట కూడా తిరక్కుండానే తనని తాను కడిగేసుకుంటుంది, దాన్ని ఎలా తట్టుకుని నిలుస్తుంది అనేదే అసలు ఇంజినీరింగ్.

మందులచీటి
ఒకటి చెప్పడం మర్చిపోయా. యాంటీవైరల్ మందు వాడుతున్నప్పుడు మొక్కల సప్లిమెంట్లు కలపకండి. కోవిడ్ మందు పాక్స్‌లోవిడ్‌తో సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక పూర్తిగా నిషిద్ధం, అది లివర్ ఎంజైముల్ని పెంచేసి మందు పనిచేయకముందే తీసేస్తుంది. ఏది వాడుతున్నా డాక్టర్‌కి చెప్పండి, "అది మందు కాదుగా" అని దాచకండి.

కొత్తమొలక
ఇంత చెప్పినందుకు అందరికీ థాంక్స్. గైడ్ గారితో మాట్లాడాను. డాకింగ్‌తో ఆపకుండా ఎంజైమ్ పరీక్ష కూడా చేద్దామన్నారు, పక్క డిపార్ట్‌మెంట్‌లో ప్రొటియేజ్ ఉందట. @ల్యాబ్‌కోటు గారూ, ఉత్తుత్తి హిట్లని మొదట్లోనే ఏరేయాలంటే ఏం పెట్టుకోవాలి?

ల్యాబ్‌కోటు
బఫర్‌లో 1 మిల్లీమోలార్ డీటీటీ (సిస్టీన్‌ని ఆక్సీకరణ నుంచి కాపాడే రసాయనం) పెట్టి ఒకసారి, లేకుండా ఒకసారి చేయండి. డీటీటీ ఉంటే ప్రభావం మాయమయ్యే అణువులు సిస్టీన్‌ని ఊరికే కొరికేవి, పక్కన పెట్టేయండి. 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ కలిపి మళ్లీ చూడండి, ముద్దలు కట్టి మోసం చేసేవి అక్కడ దొరుకుతాయి. ఎంజైమ్ లేకుండా అణువొక్కటే ప్లేటులో పోసి ఫ్లోరెసెన్స్ చదవండి, కర్క్యుమిన్ మొదటి రోజే దొరికిపోతుంది. బైకాలెయిన్ కొని పాజిటివ్ కంట్రోల్‌గా (పనిచేస్తుందని తెలిసిన నమూనాగా) పెట్టుకోండి, డాకింగ్‌లో కూడా 6ఎం2ఎన్‌లోంచి దాన్ని తీసి మళ్లీ డాక్ చేసి, క్రిస్టల్‌లో ఉన్న స్థానానికి 2 ఆంగ్‌స్ట్రాంల లోపు వస్తోందో లేదో చూసుకోండి. రాకపోతే మీ సెట్టింగ్స్‌తో వచ్చిన పాత స్కోర్లు ఏవీ వాడకండి.

కొత్తమొలక
డీటీటీ ఫ్రెష్‌గా కలపాలా సార్? మా ఫ్రిజ్‌లో పాత స్టాక్ ఉంది.

ల్యాబ్‌కోటు
ఫ్రెష్‌గానే. పాతది గాలికి ఆక్సీకరణ చెంది ఉంటుంది, దాంతో చేస్తే చేయనట్టే.